గయలో వదిలిన పండు

మంగతాయారు ఒంట్లో ఉన్నది ఒక్క కిడ్నీయే. రెండోది కొడుకు మణికంఠ ఒంట్లో ఉంది. ఆ రెండోది చచ్చిపోతోందని విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టర్ ప్రసన్న చెప్పింది.

"మాత్రలు ఎన్నాళ్ల నుంచి మానేశాడమ్మా?" అని అడిగింది డాక్టరు.

"మానడమేంటండీ? ఒక్క పూట కూడా మానలేదండీ."

"రక్తంలో ఉండాల్సిన మందులో మూడోవంతు కూడా లేదు. వేసుకుంటే ఉంటుంది కదా. నా దగ్గర దాచి లాభం లేదు."

డాక్టరు మాట కరుకుగా ఉంది గానీ అందులో అన్యాయం లేదు. ఇలాంటివాళ్లు ఆమెకి రోజూ తగులుతూనే ఉంటారు. కిడ్నీ మార్చాక ఏడాది బాగా గడిచిందంటే చాలు, ఇంక మనకేమవుతుందిలే అని మాత్రల్ని అటకెక్కించే మహానుభావులు. కానీ కొత్త కిడ్నీని ఒళ్లు ఎప్పటికీ తనదనుకోదు. కన్నతల్లిదైనా సరే, పరాయివాడు ఇంట్లో దూరాడన్నట్టు మీదపడి పీకుతూనే ఉంటుంది. ఆ కోపాన్ని పడుకోబెట్టే మాత్రలు పొద్దునా సాయంత్రం బతికినంతకాలం మింగాలి. వాటికి భవాని కాపలా మాత్రలని పేరు పెట్టింది.

భవాని మణికంఠ పెళ్లాం. గోదావరి వంతెనకి అవతల ఎదుర్లంక పిల్ల, యానాంలో బట్టల కొట్లో పనిచేస్తుంది. డాక్టరు గదిలోంచి బయటికి రాగానే మంగతాయారు నేరుగా ఆ పిల్ల మీద పడింది.

"ఏం చేశావే మాత్రలు?"

"ఇచ్చానండత్తయ్యా. నా కళ్లెదురుగానే మింగారండి."

"మింగితే ఎక్కడికి పోయినియ్యే? కాశీలో ఉన్నన్నాళ్లూ నా చేత్తో నేనిచ్చాను. రాయిలా ఉన్నాడు. ఇంటికొచ్చి నీ చేతికి అప్పగించాను, ఇదిగో ఇలాగొచ్చింది. కొట్టుకి పరిగెట్టే హడావిడిలో మొగుడెందుకు గుర్తుంటాడే నీకు?"

వరండాలో రోగుల తాలూకు జనం తలలు తిప్పి చూశారు. భవాని ఇంకేం మాట్లాడలేదు. మాట్లాడితే బాగుండేదని నాకనిపిస్తుంది గానీ, అత్తగారు కిడ్నీ ఇచ్చిన మనిషి. ఆ మనిషి ముందు ఎవరు నోరెత్తగలరు? ఆ ఇంట్లో ఏడాదిన్నరగా ఏ మాటకైనా ఆఖరి మాట మంగతాయారుదే. ఆవిడ ఎప్పుడూ దెప్పలేదు. దెప్పకపోయినా అందరికీ తెలుసు.

యానాం పక్కనున్న వాళ్ల ఊరు మెట్టకూరులో మంగతాయారంటే కొందరికి ఇడ్లీలు గుర్తొస్తాయి, ఎక్కువమందికి మొక్కులు గుర్తొస్తాయి. వంతెన రాకముందు జనాన్ని ఏరు దాటించే పంటు మీద పనిచేసే మొగుడు గోదాట్లో పడి పోయాక, ఇడ్లీ బండి పెట్టి మణికంఠని పెంచింది. పిల్లాడికి జ్వరమొస్తే మొక్కు, వరదొస్తే మొక్కు, వరద తీస్తే ఇంకో మొక్కు. వెంకటేశ్వరస్వామి దగ్గర్నుంచి యానాం చర్చిలో మేరీమాత దాకా ఆవిడ మాటివ్వని దేవుడు లేడు, ఇచ్చిన మాట తప్పిన రోజూ లేదు. "మనిషి దగ్గర అబద్ధమాడినా దులుపుకోవచ్చు, దేవుడి దగ్గర దులుపుకోలేం" అనేది. అలా అని మనుషుల దగ్గర ఆడిందీ లేదు. ముక్కుసూటి మనిషి. ఆ సూటితనం ఎదుటివాళ్లకి ఎక్కడ గుచ్చుకుంటుందో చూసుకునే అలవాటు మాత్రం లేదు.

మణికంఠ పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. దరియాలతిప్ప వైపు బోటు ఆగిపోయిందంటే మణి కోసమే కబురొచ్చేది. బీపీ ఉందని తెలియక, తెలిశాక పట్టించుకోక, ముప్పై దాటగానే రెండు కిడ్నీలూ పోగొట్టుకున్నాడు. వారానికి మూడుసార్లు కాకినాడలో డయాలసిస్. పళ్లు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, గుక్కెడు మంచినీళ్లకి కూడా లెక్క. ఇంటి పెరట్లో పంపర పనస చెట్టు విరగకాస్తుంటే, ఆ కుర్రాడు కిటికీలోంచి చూసి మొహం తిప్పుకునేవాడు. చిన్నప్పటినుంచీ వాడికి ఆ పండంటే ప్రాణం. తొనలు ఒలిచి, ఉప్పూ కారం అద్ది, చేదు పొర కూడా వదలకుండా నమిలేవాడు.

"రెండున్నాయి కదండీ నాకు, ఒకటి వాడికిచ్చెయ్యండి" అంది మంగతాయారు, ఇడ్లీ ప్లేటు పంచినంత తేలిగ్గా. పరీక్షల్లో అన్నీ కలిశాయి. ఆపరేషన్ గదిలోకి వెళుతూ మొక్కుకుంది. ఈ కిడ్నీ పట్టిందంటే కొడుకుని తీసుకుని కాశీ వస్తాను, గయలో వాళ్ల నాన్నకి పిండాలు పెట్టిస్తాను, వాడి చేత ప్రాణప్రదమైనది వదిలిస్తాను అని.

కిడ్నీ పట్టింది. ఇంటికి పంపించేటప్పుడు ఆసుపత్రిలో ఆహారం సంగతులు చెప్పే అమ్మాయి ఏవి తినాలో ఏవి కూడదో వల్లె వేయించింది. గ్రేప్‌ఫ్రూట్ అని ఒక విదేశీ పండు ఉంటుంది, అది మాత్రం ముట్టుకోవద్దంది. ఫోన్లో బొమ్మ కూడా చూపించింది, కమలాపండులా ఎర్రటి గుజ్జుతో ఉంది. అలాంటిది యానాం మార్కెట్లో ఎప్పుడూ చూళ్లేదని భవాని చెబితే, అయితే భయం లేదులెమ్మంది ఆ అమ్మాయి.

ఇంటికొచ్చిన మణికంఠ మొట్టమొదట అడిగింది పంపర పనస. మంగతాయారుకి కళ్లనీళ్లు ఆగలేదు. రోజూ ఒక కాయ ఒలిచి పెట్టింది. పెరట్లోవి అయిపోతే కోనసీమ చుట్టాల చేత తెప్పించింది. అమ్మ ఒలుస్తుంటే కొడుకు తింటుంటే, ఆ ఇంట్లో రెండేళ్ల తర్వాత నవ్వులు వినబడ్డాయి.

కొన్నాళ్లకి మణికంఠ చేతులు వణకడం మొదలైంది. స్పానర్ పట్టుకుంటే జారిపోయేది. నీరసమనుకుని తల్లి ఇంకో కాయ ఒలిచింది. ఆసుపత్రికి వెళితే రక్తంలో మందు మరీ ఎక్కువైందన్నారు. మాత్ర సగం చేశారు, తర్వాత ఇంకా తగ్గించారు. వణుకు పోయింది, పరీక్షలన్నీ కుదురుకున్నాయి. మీ ఒంటికి చాలా తక్కువ మందు సరిపోతోంది, అదృష్టవంతులన్నారు. "నా కిడ్నీ కదా మరి, అది వాడికి పరాయిదా? మందెందుకు దానికి!" అని మంగతాయారు ఇడ్లీలు వడ్డిస్తూ ఊరంతా చెప్పుకుంది.

ఏడాది దాటాక, పరీక్షలన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయని డాక్టరు ఒప్పుకున్నాక, తల్లీకొడుకులు కాశీ వెళ్లారు. భవానికి సెలవు దొరకలేదు. గయలో పిండాలయ్యాక, అక్కడి తెలుగు పంతులు ఏం వదులుతావు నాయనా అని అడిగాడు. గయకెళ్లినవాళ్లు ఒక పండో కూరో జన్మంతా తిననని అక్కడ వదిలి రావాలి. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, వెళ్లే రైల్లోనే ఆలోచించి పెట్టుకుంటారు. ఎప్పుడూ తినని సీమరేగుపండో, ఎలాగూ దొరకని ఇంకోటో. మణికంఠ కూడా ఆ జాతే. కాకరకాయ అన్నాడు.

"దేవుడితో దొంగాటకాలేంట్రా?" అని కసిరింది తల్లి. "ఏనాడు తిన్నావురా కాకరకాయ? మీ నాన్న నించుని చూస్తా ఉంటాడిక్కడ. నిన్ను బతికించినందుకిస్తన్నాం. ఏదంటే ప్రాణమో అది వదులు."

మణికంఠ తల్లి మొహంలోకి చూశాడు. 

"పంపర పనసండి" అన్నాడు పంతులుతో.

ఆ క్షణంలో కొడుకుని చూసి తాను పొంగిపోయానని మంగతాయారు తర్వాత తర్వాత ఎన్నోసార్లు తలచుకుంది. తలచుకున్నప్పుడల్లా గోడకేసి తల బాదుకోవాలనిపించేది.

ఇంటికొచ్చాక పెరట్లో కాయలన్నీ కోయించి వీధిలో పంచిపెట్టింది, కొడుకు కళ్లబడకుండా. మణికంఠ మాట తప్పలేదు. తర్వాతి రక్తపరీక్షకి ఇంకా చాలా గడువుంది. ఈలోగా పాదాలు వాచాయి. కాశీలో తిరిగిన అలసటన్నారు. ఒంటేలు తగ్గింది. ఎండలన్నారు. ఒకరోజు రేవులో బోటింజను ముందు కూర్చున్నవాడు లేవలేకపోతే ఆటోలో ఇంటికి తెచ్చారు. మొహం ఉబ్బిపోయింది, ఊపిరి అందడం లేదు. ఆ రాత్రే విశాఖపట్నం తీసుకొచ్చారు.

అదీ వరండాలో భవాని నిలబడ్డ నాటికి జరిగినది.

అత్త అన్న మాటలకి భవాని ఏడవలేదు. లోపల మంచం మీద మణికంఠ, నర్సు ఇచ్చిన మాత్రలు అరచేతిలో పోసుకుని, ఒక్కొక్కటీ తిప్పి చూసి లెక్కపెట్టుకుని మింగడం చూసింది. భవాని మంచినీళ్లు అందించబోతే, "నువ్వు పెట్టెయ్, నేను చూసుకుంటాను" అన్నాడు ఆమెకేసి చూడకుండా. అప్పుడేడ్చింది, బాత్‌రూమ్‌లోకెళ్లి కుళాయి తిప్పుకుని.

మర్నాడు డాక్టరు రౌండ్లకొస్తే ఎదురెళ్లింది. "మేడమ్, నేను దొంగనే అనుకోండి. ఇంట్లో ఇచ్చిన మాత్రే, అంతే డోసు, మీ నర్సు గారి చేత్తో వేయించండి. వేయించి మళ్లీ రక్తం తియ్యండి."

ప్రసన్న ఆ పిల్ల మొహం చూసి కాదనలేకపోయింది. ఒక పక్క కిడ్నీని కాపాడే ఇంజెక్షన్లు మొదలుపెట్టి, ఇంకోపక్క పాత డోసు మాత్రని నర్సు ఎదురుగా మింగించి, రెండు రోజులాగి రక్తం తీయించింది. మందు పెరగలేదు. మళ్లీ మూడోవంతు లోపే. మంచం పక్కనే ఉండి చూసుకున్న నర్సు కూడా బిత్తరపోయింది.

మణికంఠని బయాప్సీకి తీసుకెళ్లిన సమయంలో డాక్టరు అత్తాకోడళ్లిద్దరినీ గదిలోకి పిలిచింది. "మాత్రలు ఎగ్గొట్టలేదు, ఆ మాట నిజం. అంటే ఇంకేదో మారింది. కొత్తగా ఏమన్నా వాడారా? పసరు మందులు? ఆకులు?"

"లేదండీ."

"పోనీ ఏదన్నా మానేశాడా?"

మంగతాయారు తల నిటారుగా ఎత్తింది. అన్ని రోజుల్లో మొదటిసారి చెప్పుకోదగ్గ మాట దొరికింది ఆవిడకి. "మానాడండి. గయలో పంపర పనస వదిలేశాడండి. రోజుకో కాయ తినేవాడు, ప్రాణమండి వాడికి. నోరారా వదిలేశాడు. మళ్లీ ముట్టుకోలేదండి."

ప్రసన్న చేతిలో పెన్ను బల్లమీద పెట్టింది. 

"ఆపరేషనైన దగ్గర్నుంచీ తింటున్నాడా?"

"ఇంటికొచ్చిన రోజు నుంచండి."

"మందు ఎక్కువైనప్పుడు ఏం తింటున్నారని నేనూ అడగలేదు" అంది డాక్టరు, తనలో తను. తర్వాత మెల్లిగా చెప్పింది. "పళ్లకి ఆ చేదూ రంగూ ఊరికే రావమ్మా. వాటిలో ఫ్లేవనాయిడ్లని ఉంటాయి. టీలో ఉంటాయి, ఉల్లిపాయలో ఉంటాయి, నేరేడుపండులో ఉంటాయి. మామూలుగా మనకి హాని చెయ్యవు, మేలే అంటారు. కానీ కొన్ని కడుపులోకి వెళ్లి ఊరుకోవు. మన పేగు గోడలో పనివాళ్లలాంటివి ఉంటాయి, వచ్చిన మందుని వచ్చినట్టే విరగ్గొట్టి పారేస్తాయి. అందుకే మేం మాత్ర రాసేటప్పుడే, ఇంత పోతుంది, ఇంత రక్తంలో కలుస్తుంది అని లెక్కేసుకుంటాం. పంపర పనసలో ఆ చేదు ఫ్లేవనాయిడ్లూ, వాటితోపాటు ఫ్యూరనోకౌమరిన్లని ఇంకో జాతివీ కలిసి ఆ పనివాళ్ల చేతులు కట్టేస్తాయి. రెండోవాటిదే పెద్ద చెయ్యంటారు. ఏదైతేనేం, మాత్ర విరగదు. ఉన్నదున్నట్టు రక్తంలోకి ఎక్కేస్తుంది."

"అందుకేనా చేతులు వణికింది?" అంది భవాని.

"అందుకే. కారణం తెలియక మేం మాత్ర తగ్గించాం. తగ్గించిన మాత్రా రోజుకో పండూ కలిపి సరిగ్గా సరిపోయాయి. పండు మానేసరికి పేగుల్లో పనివాళ్ల చేతులు విడిపోయాయి. చిన్న మాత్ర, దాన్నీ విరగ్గొట్టేశాయి. కిడ్నీకి కాపలా లేకుండా పోయింది."

"మరి ఆ ఫారిన్ పండు ఒక్కటే తినొద్దన్నారు కదండీ" అంది భవాని.

"దానికి తల్లేనమ్మా ఈ పంపర పనస. దీంట్లోంచే అది పుట్టింది."

మంగతాయారుకి సగం అర్థమైంది, సగం కాలేదు. అర్థమైన సగం చాలు, కుర్చీలోంచి లేచిపోయింది. "అయితే తినిపిస్తానండి. ఇప్పుడే ఫోన్ చేసి తెప్పిస్తాను. వ్రతం తప్పిన పాపం నాకు తగలనివ్వండి, వాడికి సంబంధం లేదు. బుట్టెడు తెప్పిస్తాను, తినమనండమ్మా!"

"వద్దమ్మా. ఒక కాయలో ఉన్నంత ఇంకో కాయలో ఉండదు. పండుని కొలిచి మందుగా ఇవ్వలేం. మాత్రే పెంచుతున్నాం. పండు అతనింక ఎప్పటికీ తినకూడదు."

"పెంచితే బతుకుతుందా నా కిడ్నీ?"

"ఆలస్యమైంది. చూద్దాం."

చూశారు. మాత్ర పెంచారు, మందు రక్తంలో నిండింది, ఇంజెక్షన్లు చేశారు. కానీ నెలలపాటు కాపలా లేని చోట జరగాల్సిన దోపిడీ జరిగిపోయింది. బయాప్సీలో ఎక్కడ చూసినా మచ్చలే. ఇంటికి పంపించేస్తూ, మళ్లీ డయాలసిస్ తప్పదని మణికంఠకి ప్రసన్నే చెప్పింది. మందు సరిపోక ఇలా అయిందని మాత్రం చెప్పి, పండు సంగతి మీరే నెమ్మదిగా చెప్పండని ఆడవాళ్లిద్దరికీ అప్పగించింది.

ఆ ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. భవాని, చెప్పాల్సింది అత్తగారని ఊరుకుంది. మంగతాయారు, ఇవాళ కాదు రేపనుకుంది. కాకినాడలో పాత యూనిట్, పాత మంచాలు, మణికంఠని గుర్తుపట్టి జాలిగా పలకరించే పాత టెక్నీషియన్. రేపు అనుకున్న మంగతాయారు ఇంటికొచ్చి రాత్రంతా కళ్లు తెరుచుకుని పడుకునేది. తన ఒంట్లోంచి తీసిచ్చిన ముక్క కొడుకు పొట్టలో చచ్చి పడి ఉంది. దాన్ని తియ్యరట, అలాగే వదిలేస్తారట. తీసేస్తే బాగుండేది, కాల్చో పూడ్చో ఏడ్చి ఊరుకునేది. ఇప్పుడు వాడు నడిచినప్పుడల్లా దాన్ని మోస్తూ నడుస్తున్నాడు. పక్క గదిలో కొడుకు, కోడలు ఇచ్చిన మాత్రల అట్టని దీపం కింద పట్టుకుని పేరు చదువుకోవడం వినబడేది. ఆ పిల్ల మారుమాట్లాడకుండా నిలబడి ఉండటం కూడా తెలిసేది. నోరు విప్పితే కొడుకు దగ్గర తన బతుకంతా పోతుంది. విప్పకపోతే ఆ పిల్ల బతుకు పోతోంది. మంగతాయారు దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చేది.

ఒకరోజు డయాలసిస్ మంచం దగ్గర, గొట్టాల్లో కొడుకు రక్తం తిరుగుతుంటే చూస్తూ కూర్చుంది. భవాని మందుల కొట్టుకి వెళ్లింది.

"ఏ మాత్ర బదులు ఏ మాత్ర ఇచ్చిందో, భవానే పోగొట్టిందమ్మా కిడ్నీ" అన్నాడు మణికంఠ, తలుపు వైపు చూస్తూ. "నీదే. నీ మొహం చూడాలంటే సిగ్గేస్తంది నాకు."

ఇంక ఆగలేకపోయింది ఆవిడ.

"అదేం చెయ్యలేదురా. నేన్చేశాను. నాన్నా, ఆ పండు... గయలో నేను వదిలించిన పండు... అదే మందుని నిలబెట్టిందంట ఇన్నాళ్లూ. దానివల్లే మాత్ర తగ్గించారంట. నేను వదిలించేశాను. నువ్వు వేరేదేదో అంటంటే వినకుండా వదిలించాను. డాక్టరమ్మ ఆసుపత్రిలోనే చెప్పింది. భవానికీ తెలుసు. చెప్పలేదు. నేనే చంపుకున్నాను రా."

మణికంఠ కప్పుకేసి చూస్తూ ఉండిపోయాడు. గొట్టం కట్టిన చెయ్యి కదపకూడదు, రెండో చెయ్యి కళ్లమీద పెట్టుకున్నాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"పోన్లేమ్మా" అన్నాడు. "నీదే ఇచ్చావు. పోతే నీదే పోయింది. నాకేం బాకీ లేదు నువ్వు. కానీ భవానిని అంతమంది జనంలో నించోబెట్టి అన్నావే, ఆ మాటలు ఎక్కడ పెట్టుకోమంటావమ్మా అది?"

 మందుల సంచితో భవాని గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"అత్తయ్యగారు అంటే పడ్డానండి. కన్నకడుపు, కిడ్నీ ఇచ్చిన మనిషి, అంటారు" అంది మొగుడితో, గొంతు పెంచకుండా. "మీరెందుకు లెక్కపెట్టుకున్నారండీ మాత్రలు?"

సంచి మంచం చివర పెట్టి, గోడవారగా స్టూలు లాక్కుని కూర్చుంది. ముగ్గురిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. మిషన్ ఆగడానికి ఇంకా రెండు గంటలుంది.